పీపీటీ వేరే సిస్టమ్‌లో ఓపెన్ అవ్వట్లేదా? కంగారు పడకుండా వరసగా ఇలా చూడండి

మాది ఇంజనీరింగ్ కాలేజీ గేటు ఎదురుగా జిరాక్స్, డీటీపీ షాపు. ప్రాజెక్ట్ రివ్యూలు ఉన్న రోజు పొద్దున 8:30కి షట్టర్ తీస్తుంటేనే ఎవరో ఒకరు పెన్‌డ్రైవ్ పట్టుకుని నిలబడి ఉంటారు, "అన్నా, రాత్రి నా ల్యాప్‌టాప్‌లో బానే వచ్చింది అన్నా, ఇప్పుడు సెమినార్ హాల్ సిస్టమ్‌లో ఓపెన్ అవ్వట్లేదు, 9:30కి మా బ్యాచే ఫస్ట్" అని. నాలుగు నెలలు నిద్ర మానుకుని చేసిన పని, తీరా చూపించాల్సిన టైంకి తెర మీద ఎర్ర గుర్తు వస్తే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, వాళ్ళ చేతులు వణకడం రోజూ చూస్తుంటా. అందుకే నేను షాపులో చేసేదంతా ఏదీ దాచుకోకుండా ఇక్కడ రాసేస్తున్నా.

ముందు ఒక మాట. "కరప్ట్ అయిపోయింది అన్నా" అని తెచ్చే ఫైళ్ళలో నిజంగా పాడైనవి తక్కువే. చాలాసార్లు ఫైల్ శుభ్రంగా ఉంటుంది, అవతలి సిస్టమ్‌కి దాన్ని చదవడం రాదు, లేదంటే మీరు పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చింది అసలు ఆ ఫైలే కాదు. కానీ కంగారులో పది చోట్ల నొక్కి, అడిగిన ప్రతిదానికీ యెస్ కొట్టి, దాని మీదే సేవ్ చేసేసి బాగున్న ఫైల్‌ని పాడు చేసుకునేవాళ్ళు మాత్రం చాలామంది.

అన్నిటికన్నా ముందు కాపీ

పెన్‌డ్రైవ్‌లోంచి డైరెక్ట్‌గా ఓపెన్ చేయకండి. ఫైల్‌ని డెస్క్‌టాప్ మీదకి కాపీ చేయండి, అక్కడే ఇంకో కాపీ కూడా పెట్టండి. ఇకపై చేసే ప్రయోగాలన్నీ రెండో కాపీ మీదే. వాట్సాప్ వెబ్‌లోనో మెయిల్‌లోనో వచ్చిందైతే అక్కడే క్లిక్ చేసి ఓపెన్ చేయకుండా ముందు డౌన్‌లోడ్ చేసుకోండి. జిప్ లోపల ఉందనుకోండి, డబుల్ క్లిక్ కొట్టి లోపల్నుంచే తెరవడం కాదు, రైట్ క్లిక్ చేసి ఎక్స్‌ట్రాక్ట్ ఆల్ కొట్టి బయటికి తీసి అప్పుడు తెరవండి. కొన్నిసార్లు ఈ ఒక్క పనితోనే ఓపెన్ అయిపోయి ఇద్దరం ఊపిరి పీల్చుకున్న సందర్భాలు ఉన్నాయి.

సైజు చూడండి, సగం సంగతి అక్కడే తెలుస్తుంది

ఫైల్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్. 25 స్లైడ్లు, ఫోటోలు ఉన్న పీపీటీ అంటే కొన్ని ఎంబీలైనా ఉండాలి. అక్కడ 1 కేబీ, 4 కేబీ అని కనిపిస్తే అది మీ పీపీటీ కాదు, ఇక దాన్ని రిపేర్ చేయాలని కూర్చోవడం టైం వేస్ట్.

1 కేబీ ఉండి పేరు చివర జీస్లైడ్స్ అని ఉంటే అది గూగుల్ స్లైడ్స్ లింకు మాత్రమే. కంప్యూటర్‌లో గూగుల్ డ్రైవ్ ఫోల్డర్ పెట్టుకున్నవాళ్ళకి ఇది జరుగుతుంది, ఫోల్డర్‌లో మామూలు ఫైల్ లాగానే కనిపిస్తుంది కదా అని కాపీ కొట్టి పెన్‌డ్రైవ్‌లో వేస్తారు, కానీ స్లైడ్లు మొత్తం గూగుల్ దగ్గరే ఉంటాయి, మీ చేతిలో ఉన్నది అడ్రస్ చీటీ. ఏం పర్లేదు, నెట్ ఉన్న చోట ఆ అకౌంట్‌లో లాగిన్ అయి స్లైడ్స్ తెరిచి ఫైల్ మెనూలో డౌన్‌లోడ్, మైక్రోసాఫ్ట్ పవర్‌పాయింట్ అని కొడితే అసలు ఫైల్ వస్తుంది. ఫోన్‌లో కూడా వస్తుంది ఇది.

4 కేబీ ఉండి పేరు ముందు ఒక చుక్క, ఒక అండర్‌స్కోర్ ఉంటే అది మ్యాక్ వాడే సొంత లెక్కల ఫైల్. మ్యాక్‌లోంచి పెన్‌డ్రైవ్‌కి కాపీ చేసినప్పుడు అసలు ఫైల్ పక్కనే ఇలాంటి జంట ఫైల్ ఒకటి పడుతుంది, పేరు కూడా అదే, చివర పీపీటీఎక్స్ అనే ఉంటుంది, విండోస్‌లో దాని మీద నొక్కితే ఎర్రర్ వస్తుంది, మనం పీపీటీ పోయిందనుకుంటాం. పక్కనే చుక్క లేకుండా ఉన్న పెద్ద ఫైల్ చూడండి, అదే మీది. అట్లాగే పేరు ముందు టిల్డా అనే అల లాంటి గుర్తు (~), డాలర్ గుర్తు ఉన్న బుల్లి ఫైల్ కనిపిస్తే, ఎక్కడో పీపీటీ తెరిచి ఉండగానే ఫోల్డర్ మొత్తం కాపీ చేశారని అర్థం, దాన్నీ వదిలేయండి.

ఇంకోటి, పెన్‌డ్రైవ్‌లో ఫైళ్ళన్నీ మాయమై వాటి బదులు షార్ట్‌కట్‌లు, అంటే ఐకాన్ మూలన చిన్న బాణం గుర్తు ఉన్నవి కనిపిస్తే అది వైరస్ పని. పది మంది పెన్‌డ్రైవ్‌లు పెట్టే ల్యాబుల్లో, మాలాంటి షాపుల్లో ఇది తిరుగుతూనే ఉంటుంది కాబట్టి చెప్తున్నా, ఆ షార్ట్‌కట్ నొక్కకండి. ఫోల్డర్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి వ్యూ ట్యాబ్‌లో హిడెన్ ఫైల్స్ చూపించమని పెట్టి, కింద ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ దాచు అని ఉన్న టిక్ కూడా తీసేయండి. ఒరిజినల్ ఫైళ్ళు మసగ్గా కనిపిస్తాయి, అవి మాత్రం డెస్క్‌టాప్‌కి తీసుకుని, పెన్‌డ్రైవ్‌ని స్కాన్ చేయించి అప్పుడు ఫార్మాట్ చేసుకోండి.

సైజు బానే ఉందా, అయితే అది ఏ జాతి ఫైలో చూడాలి

విండోస్ మామూలుగా ఎక్స్‌టెన్షన్ దాచేస్తుంది, పేరు చివర చుక్క తర్వాత ఉండే ఆ నాలుగక్షరాలే మనకి కావాల్సింది. ఫోల్డర్ పైన వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అని ఉంటుంది, ఆన్ చేయండి.

పీపీటీ అని మూడే అక్షరాలు ఉంటే పాత రకం, పవర్‌పాయింట్ 97 నుంచి 2003 దాకా వాడినది. పీపీటీఎక్స్ అంటే ఆఫీస్ 2007తో వచ్చిన రకం. కొత్త ఆఫీస్‌లో రెండూ తెరుచుకుంటాయి, కానీ ఎక్కడైనా పాత ల్యాబులో ఇంకా 2003 ఉంటే దానికి పీపీటీఎక్స్ చదవడం రాదు. అప్పుడు వేరే సిస్టమ్‌లో తెరిచి సేవ్ యాజ్ కొట్టి కింద టైప్‌లో పవర్‌పాయింట్ 97-2003 ప్రెజెంటేషన్ ఎంచుకోండి, డిజైన్ కొంచెం దెబ్బతింటుంది, పని మాత్రం అవుతుంది. పీపీఎస్‌ఎక్స్ అని ఉంటే తెరవగానే నేరుగా స్లైడ్‌షో మొదలవుతుంది, ఎడిట్ చేయాలంటే ఎక్స్‌టెన్షన్‌ని పీపీటీఎక్స్ అని మార్చుకోవచ్చు, ఆ రెంటికీ లోపల సరుకు ఒకటే కాబట్టి కుదురుతుంది.

కానీ ఇదే ట్రిక్కు కీనోట్ ఫైల్ మీద చేసి నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఉన్నారు. చివర కీ అని ఉంటే అది యాపిల్ వాళ్ళ ప్రెజెంటేషన్ సాఫ్ట్‌వేర్ కీనోట్‌లో చేసిన ఫైల్, దాని పేరు పీపీటీఎక్స్ అని మార్చినంత మాత్రాన అది పవర్‌పాయింట్ అయిపోదు. బాటిల్ మీద స్టిక్కర్ మారిస్తే నూనె నెయ్యి అవుతుందా. మూడు దారులు ఉన్నాయి. మ్యాక్ దగ్గరుంటే కీనోట్‌లో ఫైల్, ఎక్స్‌పోర్ట్ టు, పవర్‌పాయింట్. మ్యాక్ లేకపోతే ఐక్లౌడ్ వెబ్‌సైట్‌లో యాపిల్ ఐడీతో లాగిన్ అయి ఫైల్ అప్‌లోడ్ చేస్తే బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, అక్కడ్నుంచి పవర్‌పాయింట్‌గా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మూడోది నాకు బాగా పనికొచ్చిన దారి, క్లాసులో ఎవరి దగ్గరో ఐఫోన్ ఉంటుంది కదా, వాళ్ళకి ఆ ఫైల్ పంపి ఫోన్‌లో కీనోట్ యాప్‌లో తెరిచి, ఎక్స్‌పోర్ట్ కొట్టి పవర్‌పాయింట్ ఎంచుకుని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా వెనక్కి పంపమనండి, ఐదు నిమిషాల పని, యాప్ కూడా ఫ్రీనే.

ఓడీపీ అని ఉంటే లిబ్రే ఆఫీస్‌లో చేసింది, లైనక్స్ వాడేవాళ్ళ దగ్గర్నుంచి వస్తుంటుంది. పవర్‌పాయింట్ కూడా దాన్ని తెరుస్తుంది కానీ అక్కడక్కడా టెక్స్ట్ బాక్సులు కదిలిపోతాయి, లిబ్రే ఆఫీస్‌లోనే పీపీటీఎక్స్‌గా సేవ్ చేసి ఒకసారి అన్ని స్లైడ్లూ తిప్పి చూసుకోవడం మంచిది.

ఎక్స్‌టెన్షన్ పీపీటీఎక్స్ అనే ఉంది, అయినా రావట్లేదు అంటే లోపల నిజంగా ఏముందో చూడాలి. దీనికి నోట్‌ప్యాడ్ చాలు. కాపీ చేసిన ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి, అంతా చెత్తగా కనిపిస్తుంది, భయపడకండి, ఏమీ మార్చొద్దు, మొట్టమొదటి రెండక్షరాలు చూడండి అంతే. ఇంగ్లీషు పీ, కే ఉంటే అది అసలైన పీపీటీఎక్స్ అయ్యే ఛాన్స్ ఎక్కువ, ఎందుకంటే పీపీటీఎక్స్ అంటే నిజానికి ఒక జిప్ ఫైల్, ఆ పీకే అనేది జిప్ ఫార్మాట్ తయారుచేసిన ఫిల్ కాట్జ్ అనే ఆయన పేరులోని పొడి అక్షరాలు, ఇన్నేళ్ళయినా ప్రతి జిప్ ఫైల్ మొదట్లో అవి ఉంటాయి. మొదట్లో పర్సెంట్ గుర్తు, పీడీఎఫ్ అని ఉంటే అది పీడీఎఫ్, పేరు మార్చుకుని తెరవండి. మొదట్లో హెచ్‌టీఎంఎల్ అని ఎక్కడైనా కనిపిస్తే మీరు డౌన్‌లోడ్ చేసింది పీపీటీ కాదు, ఏదో వెబ్ పేజీ. కాలేజీ పోర్టల్లోంచి లాగిన్ టైమౌట్ అయ్యాక డౌన్‌లోడ్ కొడితే లాగిన్ పేజీయే పీపీటీఎక్స్ పేరుతో సేవ్ అవుతుంది, మళ్ళీ లాగిన్ అయి దించుకుంటే సరి.

జాతి కూడా కరెక్టే, అయినా తెరవనంటోంది

విండోస్‌లో ఒక చిన్న తాళం ఉంటుంది. మెయిల్‌లోనో నెట్‌లోనో వచ్చిన ఫైళ్ళకి అది బయట్నుంచి వచ్చిందని ఒక ముద్ర వేస్తుంది, దానివల్ల పవర్‌పాయింట్ తెరవడానికి మొండికేస్తుంది లేదా చూడనివ్వడమే తప్ప మార్చనివ్వని ప్రొటెక్టెడ్ వ్యూలో ఆగిపోతుంది. రైట్ క్లిక్, ప్రాపర్టీస్, జనరల్ ట్యాబ్‌లో కింద అన్‌బ్లాక్ అని ఉంటే టిక్ పెట్టి ఓకే కొట్టండి. మీకు తెలిసినవాళ్ళు పంపిన ఫైల్ అయితేనే సుమా. ముక్కూ మొహం తెలియనివాళ్ళు పంపింది, అందులోనూ పీపీటీఎమ్ అని మ్యాక్రోలు, అంటే లోపల నడిచే చిన్న ప్రోగ్రాములు ఉండే రకమైతే అసలు ముట్టుకోవద్దు.

అదీ కాదంటే పవర్‌పాయింట్‌కే ఏమైనా అయిందేమో చూడండి. కీబోర్డులో కంట్రోల్ కీ నొక్కి పట్టుకుని పవర్‌పాయింట్ ఐకాన్ క్లిక్ చేస్తే సేఫ్ మోడ్‌లో తెరవాలా అని అడుగుతుంది, యెస్ అనండి, అందులోంచి ఫైల్ తెరవండి. ఇలా వచ్చేసిందంటే పవర్‌పాయింట్‌కి అదనంగా తగిలించిన ఏదో యాడ్-ఇన్ అడ్డుపడుతోందని అర్థం, ఫైల్ తప్పేం లేదు.

తర్వాత నేను ఎక్కువగా నమ్ముకునేది గూగుల్ డ్రైవ్. ఫైల్‌ని డ్రైవ్‌లోకి అప్‌లోడ్ చేసి గూగుల్ స్లైడ్స్‌తో తెరిచి, మళ్ళీ పీపీటీఎక్స్‌గా డౌన్‌లోడ్ చేయండి. ఒక చోట బిగుసుకుపోయిన ఫైల్‌ని ఇంకో సాఫ్ట్‌వేర్ చదివి కొత్తగా రాసిస్తుంది కాబట్టి లోపలి చిన్నచిన్న తేడాలు పోతాయి. 100 ఎంబీ దాటిన ఫైల్‌ని స్లైడ్స్ తీసుకోదు, వీడియోలు ఉన్నవాటితో ఈ ఇబ్బంది వస్తుంది. అప్పుడు లిబ్రే ఆఫీస్ ఇంప్రెస్‌లో తెరిచి చూడండి, ఉచితం, నెట్ కూడా అక్కర్లేదు, పవర్‌పాయింట్ తెరవలేని కొన్ని ఫైళ్ళని అది తెరిచింది.

ఇవేవీ పనిచేయకపోతేనే రిపేర్. పవర్‌పాయింట్‌లో ఫైల్, ఓపెన్, బ్రౌజ్ చేసి ఫైల్ ఎంచుకోండి, ఓపెన్ బటన్ పక్కన చిన్న బాణం ఉంటుంది, అందులో ఓపెన్ అండ్ రిపేర్. ఒక్కోసారి కొన్ని స్లైడ్లు ఖాళీగా వస్తాయి, చదవలేని వాటిని అది తీసి పారేస్తుంది. అందుకే కాపీ మీద చేయమన్నది. ఇంకో పద్ధతి, కొత్త ఖాళీ ప్రెజెంటేషన్ తెరిచి చూస్తే పాత పవర్‌పాయింట్‌లలో న్యూ స్లైడ్ కింద రీయూజ్ స్లైడ్స్ అని ఉంటుంది (కొత్తవాటిలో లేకపోవచ్చు), అందులో మీ పాడైన ఫైల్‌ని చూపిస్తే ఒక్కొక్క స్లైడూ లోపలికి లాక్కోవచ్చు, ఏ స్లైడ్ దగ్గర హ్యాంగ్ అవుతుందో దాన్ని వదిలేసి మిగతావి తెచ్చుకోండి.

అన్నీ అయిపోయాయి, ఇంకా రాలేదు

కాపీ చేసిన ఫైల్ ఎక్స్‌టెన్షన్‌ని పీపీటీఎక్స్ తీసేసి జిప్ అని మార్చండి. డబుల్ క్లిక్ చేస్తే ఫోల్డర్ లాగా తెరుచుకుంటుంది. లోపల పీపీటీ అనే ఫోల్డర్, అందులో మీడియా అనే ఫోల్డర్, మీరు పెట్టిన ఫోటోలు, వీడియోలు అన్నీ అక్కడ ఉంటాయి. స్లైడ్స్ అనే ఫోల్డర్‌లో స్లైడ్1, స్లైడ్2 అని ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ళు ఉంటాయి, వాటిని క్రోమ్‌లోకి లాగితే గుర్తుల మధ్యలో మీరు టైప్ చేసిన మాటలన్నీ కనిపిస్తాయి, కాపీ చేసుకోవచ్చు. అందం పోతుంది కానీ సరుకు దక్కుతుంది. ఒకసారి ఒక ఎంటెక్ అమ్మాయి థీసిస్ సబ్మిషన్‌కి ముందు రోజు సాయంత్రం వచ్చింది, ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ తెరుచుకోలేదు, ఇలాగే జిప్ చేసి 40 గ్రాఫులు బయటికి తీసి, రాత్రి 11 దాకా ఇద్దరం కూర్చుని కొత్త ఫైల్‌లో పేర్చాం. ఆ అమ్మాయి పొద్దున ఫోన్ చేసి అయిపోయింది అన్నా అన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

జిప్‌గా కూడా తెరుచుకోకపోతే ఆ కాపీ నిజంగానే దెబ్బతింది. సైజు మొత్తం చూపిస్తున్నా లోపల ఏమీ లేని ఫైళ్ళు వస్తుంటాయి, కాపీ పూర్తవకుండా పెన్‌డ్రైవ్ పీకేస్తే ఇదే జరుగుతుంది. ఇక దాంతో కుస్తీ పట్టకుండా పాత కాపీల కోసం వెతకండి. గైడ్ సార్‌కి పంపిన మెయిల్ సెంట్ ఐటమ్స్‌లో ఉంటుంది. టీమ్ గ్రూప్‌లో పెట్టినది అందరి ఫోన్లలో ఉంటుంది. వన్‌డ్రైవ్‌లోనో గూగుల్ డ్రైవ్‌లోనో ఉంటే వెర్షన్ హిస్టరీలో నిన్నటిది దొరుకుతుంది. పవర్‌పాయింట్‌లో అయితే ఫైల్, ఇన్ఫో, మేనేజ్ ప్రెజెంటేషన్‌లో సేవ్ చేయకుండా పోయినవి రికవర్ చేసే ఆప్షన్ ఉంటుంది, అది ఫైల్ తయారుచేసిన ల్యాప్‌టాప్‌లోనే చూడాలి, మా షాపు సిస్టమ్‌లో ఎంత వెతికినా రాదు.

తెరుచుకుంది కానీ తెలుగంతా డబ్బాలు, పిచ్చి గీతలు

తెలుగులో పీపీటీ చేసే టీచర్లకి, ఎంఏ తెలుగు పిల్లలకి ఇదే పెద్ద బాధ. రెండు రకాలు, రెంటికీ మందు వేరు.

మీరు అను ఫాంట్స్‌లో టైప్ చేసి ఉంటే ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. ఎందుకంటే అక్కడ లోపల ఉన్నది నిజంగా తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాలకే తెలుగు బొమ్మ తొడిగారు, ఫాంట్ పోతే బొమ్మ పోయింది. దీనికి మార్గం ఏంటంటే యూనికోడ్ కన్వర్టర్‌లో వేసి మార్చుకోవడం, ఒత్తులు ఒకసారి కళ్ళతో సరిచూసుకోవాలి, టైం లేకపోతే ఫాంట్ ఉన్న సిస్టమ్‌లోనే పీడీఎఫ్ చేసేయండి.

యూనికోడ్‌లోనే చేసి ఉంటే అక్షరాలు వస్తాయి కానీ లైన్లు జరిగిపోయి బాక్సులోంచి బయటికి కారిపోతాయి. విండోస్ 7 కాలంలో గౌతమి, వాణి ఫాంట్లు సిస్టమ్‌తోనే వచ్చేవి, విండోస్ 10లో మామూలుగా ఉండేది నిర్మలా యూఐ, ఆ పాత రెండూ కావాలంటే సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌లోకి వెళ్ళి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ వేసుకోవాలి. మ్యాక్‌లో కోహినూర్ తెలుగు, తెలుగు సంగమ్, లైనక్స్‌లో లోహిత్, నోటో ఇలా ఒక్కో ఇంట్లో ఒక్కో ఫాంట్, వెడల్పులు తేడా. అందుకే ఫైల్ తయారుచేసిన సిస్టమ్‌లోనే ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్ళి ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్ టిక్ చేసి, ఎంబెడ్ ఆల్ క్యారెక్టర్స్ పెట్టి సేవ్ చేయండి. ఫైల్ సైజు కాస్త పెరుగుతుంది, పెరగనివ్వండి. గూగుల్ స్లైడ్స్‌లో తెరిస్తే మాత్రం ఇది పట్టదు, అక్కడ గూగుల్ ఫాంట్లే వాడుతుంది, కాబట్టి స్లైడ్స్‌లో చూపించాల్సి వస్తే మొదట్నుంచే మండలి, రామభద్ర లాంటి గూగుల్‌లో ఉన్న తెలుగు ఫాంట్లతో చేసుకుంటే హాయి.

వీడియో సంగతి తొందరగా చెప్పేస్తా. ఐఫోన్‌లో తీసిన వీడియో విండోస్‌లో నల్లగా వస్తే అది హెచ్‌ఈవీసీ రకం, మ్యాక్‌లో డబ్ల్యూఎంవీ రాదు. అన్ని చోట్లా నడిచేది ఎంపీ4, లోపల వీడియో హెచ్.264, ఆడియో ఏఏసీ. హ్యాండ్‌బ్రేక్ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో మార్చుకుని స్లైడ్‌లో మళ్ళీ పెట్టండి. ఇకముందు తీసేవాటికైతే ఐఫోన్‌లో సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్‌లో మోస్ట్ కంపాటిబుల్ పెట్టేస్తే గొడవ ఉండదు. స్లైడ్లకి పైనా కిందా నల్ల పట్టీలు వస్తుంటే అది జబ్బేం కాదు, పవర్‌పాయింట్ 2013 నుంచి కొత్త స్లైడ్ వెడల్పుగా 16:9లో వస్తుంది, పాత ప్రొజెక్టర్లు 4:3, అంతే, రివ్యూ పొద్దున దాన్ని మార్చబోయి ఫోటోలు సాగదీసుకోకండి.

ముందు రోజు రాత్రి చేయాల్సినవి

ఎక్కడ చూపించబోతున్నారో అక్కడి సిస్టమ్ గురించి ల్యాబ్ అసిస్టెంట్‌ని అడగండి, విండోస్ ఎంత, ఆఫీస్ ఎంత, నెట్ ఉంటుందా, పెన్‌డ్రైవ్ పెట్టనిస్తారా అని. కొన్ని చోట్ల యూఎస్‌బీ బ్లాక్ చేసి ఉంటారు, అది పొద్దున తెలిస్తే కాళ్ళూ చేతులూ ఆడవు.

పెన్‌డ్రైవ్‌లో పీపీటీఎక్స్ ఒకటి, పీడీఎఫ్ ఒకటి పెట్టుకోండి. పీడీఎఫ్‌లో యానిమేషన్లు రావు, వీడియో నడవదు, కానీ ఏ సిస్టమ్‌లో అయినా బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, ఫాంట్ చెదరదు, సార్ ముందు నిలబడి మాట్లాడటానికి అది చాలు. వీడియోలు విడిగా అదే ఫోల్డర్‌లో వేసుకోండి. ఫైల్ పేరు ఇంగ్లీషులో చిన్నగా పెట్టండి, మ్యాక్‌లో పేరులో ప్రశ్నార్థకం లాంటివి పెట్టినా ఊరుకుంటుంది, విండోస్ ఒప్పుకోదు. పెన్‌డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి ఉంచుకుంటే విండోస్, మ్యాక్ రెండూ చదువుతాయి, రాస్తాయి, ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే మ్యాక్ చదువుతుందే గానీ మామూలుగా దాని మీద రాయదు. ఫార్మాట్ కొడితే లోపలున్నవి పోతాయి, ముందు ఖాళీ చేసుకోండి.

కాపీ అయ్యాక ఎజెక్ట్ కొట్టి తీయండి, తీసి మళ్ళీ పెట్టి, వీలైతే ఇంకొకరి ల్యాప్‌టాప్‌లో పెట్టి, చివరి స్లైడ్ దాకా ఒకసారి తిప్పి చూడండి. అదే ఫైల్‌ని మీ మెయిల్‌కి మీరే పంపుకోండి. జీమెయిల్‌లో 25 ఎంబీ దాటితే డ్రైవ్ లింకుగా వెళ్తుంది, ఆ లింకు తెరవాలంటే పొద్దున అక్కడ లాగిన్ కావాలి, ఓటీపీ మీ ఫోన్‌కే వస్తుంది, కాబట్టి హాల్లోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరంటే ఆ లింకుని టీమ్‌లో బయట ఉండే ఒకరికి కూడా షేర్ చేసి ఉంచండి.